నాయనమ్మ మాటల తూకం

మా కంప్యూటర్ సెంటర్లో టేపులు దాచే గది తలుపు తీయగానే ప్లాస్టిక్కూ, ఏదో పుల్లని రసాయనమూ కలిసిన చల్లటి వాసన వస్తుంది. దానికి కాస్త తవుడు వాసన కలిపితే అది తెనాలిలో మా పెదనాన్న రైసుమిల్లు. అందుకే ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

పెదనాన్న కాటాని తప్ప ఎవరినీ నమ్మేవాడు కాదు. పండుగనాడు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, భోజనానికి ముందొకసారి, తరవాత ఒకసారి మిల్లు కాటా మీద తూచి, తేడాని బొగ్గుతో గోడ మీద రాసి, పనివాళ్ళందరి ముందూ బిగ్గరగా చదివేవాడు. బూరెలు, పులిహోర, ఆవడలు, చక్రపొంగలి, ఎండాకాలమైతే రసాలు. ఏం తిన్నామన్నది ఆయనకి పట్టదు, ఎంత తిన్నామన్నదే. "వీడు ముప్పావు కిలో లాగించాడర్రా! దూడ నయం" అన్నాడొకసారి నన్ను చూపించి. ఆ తరవాత రెండు పండుగలు నేను మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

అరవైలలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆయన మద్రాసు నుంచి టేపు రికార్డరు తెచ్చాడు. నాట్లు సాగుతున్న రోజులు. గుమ్మం దాకా బురద వాసన. ఎప్పుడో కొల్లిపర నుంచి కాపురానికొచ్చిన మా నాయనమ్మని, అంటే తన కన్నతల్లిని, మైకు ముందు కూర్చోబెట్టాడు. ఆమె పలికినవి నాకు వరసగా గుర్తు: ఒక దగ్గు, "ఇందులోకి మాట్టాడాలంట్రా?" అన్న అనుమానం, గేదెని పిలిచే పిలుపు, గోంగూర పచ్చడి నూరే పద్ధతి, మధ్యలో తోటికోడలి మీద రెండు ఫిర్యాదులు, చివర నన్ను "నీళ్ళు చల్లారిపోతన్నయ్, పోసుకోను రారా సచ్చినోడా" అన్న కేక.

పెదనాన్న ఖాళీ టేపు చుట్టిన స్పూలుని ముందే కంసాలి త్రాసులో తూయించి ఉంచాడు. పదహారు తులాల మీద నాలుగు గురివింద గింజలు. మాటలు నిండాక మళ్ళీ తూయించాడు. అదే పదహారు, అవే నాలుగు.

"ఏంటమ్మా, అరగంట వాగావు, నీ మాటలకి గింజంత బరువు కూడా లేదే!"

"ముందు నీ బుర్రలో తెలివి తూయించుకోరా, అదీ అంతే తూగుద్ది" అంది నాయనమ్మ. మిల్లంతా నవ్వింది.

ఆ కార్తీకంలోనే ఆమె పోయింది. పెద్దకర్మ అయిన నెలకి, బాపట్లలో మిల్లర్ల సభలో ఇవ్వబోయే ఉపన్యాసం సాధన చేస్తూ, పెదనాన్న అదే స్పూలు మీద తన గొంతు ఎక్కించాడు. కొత్త స్పూళ్ళు రెండు అలమరలోనే ఉన్నాయి. లేచి తీయడానికి బద్ధకం. నేను నాయనమ్మ కోసం మీట నొక్కితే "సభికులారా" అని వినిపించింది. ఆమె ఎక్కడైనా దగ్గుతుందేమోనని చివరి అంగుళం దాకా విన్నాను. అంతా ఆయనే.

నా ఏడుపు విని మా అమ్మ తలుపు చాటు నుంచి, "బావగారూ, అత్తయ్యగారి మాటలు పోయినయ్యండి" అంది.

ఆయన కంసాలి త్రాసు తెప్పించాడు. పదహారు తులాలు, నాలుగు గింజలు. "చూసుకోమ్మా. ఏమన్నా తగ్గిందా? మరి ఏం పోయిందంట?"

ఇంజనీరింగు చదివాక తెలిసింది, ఆ తూకం తప్పు కాదని. టేపు మీద ఉండేది తుప్పులాంటి పొడి. రికార్డు చేస్తే అందులోని అణువంత అయస్కాంతాలు దిక్కు మార్చుకుంటాయి, అంతే. మా కంప్యూటర్ టేపుల్లో ఒకట్లూ సున్నాలూ కూడా అలాగే నిలుస్తాయి. కొత్తగా వచ్చి చేరేదీ లేదు, రాలిపోయేదీ లేదు. శక్తి లెక్కన ఏదో తేడా ఉండాలంటారు గానీ, దాన్ని పట్టగల త్రాసు ఎక్కడా లేదు.

పోయిన వేసవిలో రేపల్లెలో ఒక పెళ్ళికి వెళితే, పెదనాన్న తువ్వాల్లో చుట్టిన స్పూలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ కాడ పెద్ద మిషన్లుంటయ్యంటగా. అడుగున ఎక్కడన్నా అమ్మ గొంతు మిగిలుందేమో చూస్తావంట్రా?" నాకు జాలి కలగలేదు.

"తూయించావా పెదనాన్నా?" అన్నాను.

ఆయన పెళ్ళిపందిట్లోకి వెళ్ళిపోయాడు.

మిల్లు మూతపడింది. కాటా పాత ఇనుముకి పోయింది. మా తిళ్ళు రాసిన గోడకి సున్నం కొట్టారు. స్పూలు నా సొరుగులో ఉంది. సెంటరు చూడ్డానికొచ్చే విద్యార్థుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, నిండిన టేపు ఎక్కువ బరువుంటుందాండి?" ఉండదు, గింజంత కూడా తేడా రాదు అంటాను. ప్రతిసారీ ఆయన మాటే నా నోట్లోంచి వస్తుంది. నా మంటంతా అదే.