తెల్లరాళ్ల బాట

అరవై దాటినా కోల్మన్ రాతిగోడలు కట్టడం మానలేదు. సున్నం అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. అతను రాయి మీద రాయి పేర్చాడంటే అట్లాంటిక్ గాలి కూడా కదపలేదు. అంతటి పనివాడికీ ఒక దిగులుంది. అతనికంటే ముందు పుట్టి, బాప్తిస్మం కాకుండానే పోయిన అక్క. అలాంటి పసికందులకు చర్చి శ్మశానంలో చోటివ్వని రోజులవి. ఎంత దుర్మార్గం! తండ్రి బిడ్డను సబ్బుల పెట్టెలో పెట్టి, ఒక్కడే తీసుకెళ్లి ఎక్కడో పాతి వచ్చాడు. అక్కణ్నుంచి మన ఇంటి పొగగొట్టమూ, సముద్రమూ రెండూ కనిపిస్తాయని మాత్రం అన్నాడు. చచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు. తల్లి సోర్చాకు తొంభై నిండాయి. కన్నుమూసేలోగా ఆ చోటు తెలిస్తే చాలుననేది.

ఆ ఏడు ఊరి కమిటీ రేవు నుంచి ఇసుకతిన్నెల దాకా నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ బాట వేయించింది. కమిటీ పెద్ద గ్రానియా పని కోల్మన్‌కే అప్పగించింది. నిలువెత్తు ముళ్లపొదలు కొట్టేసిన చోట నలభై మూడు తెల్లరాళ్లు బయటపడ్డాయి. పొగమంచులో బాట అంచు తెలుస్తుందని, వాటన్నిటినీ ఏరి పక్కన వరసగా పాతాడు.

మర్నాడు పొద్దున చూస్తే వరసలో ఒక రాయి లేదు. పొదలు కొట్టేసిన చోట, చిన్న గుంటలో ఉంది. తెచ్చి పాతాడు. ఆ మర్నాడూ అదే తంతు. పంతం పట్టి, జన్మలో ముట్టని సిమెంటు పోసి మరీ బిగించాడు. తెల్లారేసరికి సిమెంటు పగల్లేదు, రాయి మాత్రం గుంటలో ఉంది. చుట్టూ గడ్డి మీద మంచుబొట్లు చెదరలేదు. అడుగుజాడంటూ లేదు. కోల్మన్ వెళ్లి గ్రానియాకు చెప్పాడు.

"ఎవరో పనిలేనివాళ్ల చేష్టలే బాబాయ్. భయమేస్తే చెప్పు, చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెడతా," అని గ్రానియా ఆటపట్టించింది.

ఇంటికెళ్లి తల్లికి నవ్వులాటగా చెప్పాడు. ఆమె టీ కప్పు కింద పెట్టేసింది.

"ఎక్కడివిరా ఆ రాళ్లు?"

"పొదల కింద దొరికాయమ్మా."

"అలా పోయిన పిల్లల మీద తెల్లరాయి పెట్టేవాళ్లురా. సిగ్గుపడి మేమెవ్వరం మీకు చెప్పలేదు."

కోల్మన్ పడుతూ లేస్తూ వెళ్లి గుంట పక్కన నిలబడ్డాడు. ఎడమన సముద్రం. కుడిపక్క చేల మీదుగా తమ పొగగొట్టం, అందులోంచి సన్నగా పొగ. బుద్ధెరిగాక మొదటిసారి "అక్కా" అని పిలిచి, భోరున ఏడ్చాడు.

మర్నాడు తల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తాను వేసిన బాట మీదే తోసుకొచ్చాడు. ఆమె వంగి ఆ రాయిని చాలాసేపు నిమిరింది. తర్వాత వరస వైపు తిరిగింది.

"మరి వీళ్లని ఎక్కణ్నుంచి తీశావురా?"

కోల్మన్‌కు ఒక్కదాని చోటూ గుర్తులేదు.

ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి, ఏదైనా కదిలిందేమోనని నలభై రెండు రాళ్లనూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళతాడు. ఇంతవరకూ ఒక్కటీ కదల్లేదు.