తలకిందుల బడిలో మా తెలుగు మేష్టారు

మా తెలుగు మేష్టారు పోయారన్న కబురు నాకు స్కూలు గ్రౌండులో అందింది. వార్షికోత్సవానికి రిహార్సల్ జరుగుతోంది. స్టేజీ మీద ఎనిమిదో తరగతి ఆడపిల్లలు అడుగులు సరిచూసుకుంటున్నారు. మైకు దగ్గర ఒకడు "హలో, చెక్, హలో" అంటూ చెవులు తినేస్తున్నాడు. ఫోన్ మోగింది. మేష్టారి కోడలు. "ఆంటీజీ, బాబూజీ నహీ రహే" అంది. నా నోటి వెంట "అయ్యో, మేష్టారూ" అని తెలుగులోనే వచ్చింది. పక్కనున్న డ్రాయింగ్ సర్ "క్యా హువా మేడమ్?" అని అడిగాడు. ఆ కబురంతా ఆయనకి మళ్ళీ హిందీలో చెప్పాలి. రెండు ముక్కల్లో చెప్పాను.

సువర్ణరేఖ నది ఒడ్డున జరగాల్సినవన్నీ జరిగాయి. చాలామందే వచ్చారు. పాత విద్యార్థులు, ఇరుగుపొరుగు, మా స్టాఫ్. అందరూ మంచిమాటలే చెప్పుకున్నారు, హిందీలో. ఆయన గురించి ఒక్క మాట తెలుగులో చెప్పుకుందామంటే ఆయన కొడుకు తప్ప ఇంకెవరూ లేరు. అతను కొరివి పట్టుకుని ఉన్నాడు. ఏం పలకరించను? ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.

నా సంగతి కాస్త చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా తాతగారు టెక్కలి దగ్గర నుంచి కార్ఖానా పనికి ఇక్కడికొచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ గోల్‌మురి క్వార్టర్లలో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం కానీ చదవడం, రాయడం రాదు. స్కూలంతా హిందీలో చదివాను. ఇప్పుడు మావారు లేరు. మా అబ్బాయిని తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబిస్తాడు. అంచేత నాకు బడిలోగానీ ఇంట్లోగానీ తెలుగులో బదులు పలికే మనిషి ఒక్క మేష్టారే. అది ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకున్న విషయం కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్కన కూర్చునేవారు. చెవి వెనక సుద్దముక్క, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు. సైకిల్ మీద వచ్చేవారు. అందరూ స్కూటర్లకి మారిపోయినా ఆయన మారలేదు. క్లాసులో పుస్తకాల తెలుగు, స్టాఫ్‌రూమ్‌లో మా ఇళ్ళల్లో తెలుగు. నన్ను పేరుపెట్టి పిలవలేదు, "లెక్కలూ" అనేవారు, కాస్త గౌరవం చూపించాలనుకున్న రోజున "టీచరమ్మా" అనేవారు.

నాకు తెలుగు చదవడం రాదని తెలిసిన రోజు మాత్రం బాగా ఆడిపోసుకున్నారు. "మరేటమ్మా, తెలుగోరై ఉండి అ ఆలు రావా? ఎవరికైనా సెప్పేరు, నవ్వుతారు" అన్నారు. నాకు చిర్రెత్తింది. మర్నాటి నుంచి ఖాళీ పీరియడ్‌లో నన్ను కూర్చోబెట్టి నేర్పడం మొదలెట్టారు. పాఠ్యపుస్తకాలు కావు. వాళ్ళ ఊరి నుంచి ఎవరైనా అప్పడాలో జీడిపప్పో పంపితే వాటికి చుట్టిన పాత తెలుగు పేపర్లు. నూనె మరకల్లోంచి వార్తలు చదివించేవారు. ఒత్తుల దగ్గర నేను విసుక్కుని పేపరు పక్కన పడేసేదాన్ని. "కోపం నామీద సూపండి. ఆ అచ్చరం ఏటి సేసింది పాపం?" అని పేపరు మళ్ళీ చేతికిచ్చేవారు. ఈ నాలుగు మాటలు ఇవాళ నేను మీకు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ నూనె కాగితాల చలవే.

ఇక తలకిందుల బడి. అది ఆయన పెట్టిన పేరే. మా స్కూల్లో వార్షికోత్సవం రోజు పొద్దున ఎగ్జిబిషన్, సాయంత్రం ఆటపాటలు. ఈ రెంటికీ మధ్య ఒక గంట ఆయన అడిగి పుచ్చుకున్నారు. ఆ గంట పిల్లలు టీచర్లు, టీచర్లు పిల్లలు. మేమంతా బెంచీల మీద కూర్చోవాలి. ఒక్కొక్క పిల్లా, పిల్లవాడూ వచ్చి తమ ఇంట్లో నేర్చుకున్న పని ఒకటి మాకు నేర్పాలి. సిలబస్‌లోది పనికిరాదు. ఇంకో నియమం, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలోనే నేర్పాలి. సంతాలీ పిల్లలు సంతాలీలో, ఒడియా పిల్లలు ఒడియాలో, బెంగాలీవాళ్ళు బెంగాలీలో. ఎదటివాడికి అర్థం కాకపోతే ఎలాగ అని ప్రిన్సిపాల్ అడిగితే "అర్థమయ్యేదాకా సెప్తారండి, అదే కదా పని" అన్నారట.

ఎప్పుడూ ముందు బెంచీ మీద మేష్టారే. ఎవరు ఏం నేర్పినా ఆయనకి రాదు. ఒకసారి ఒక సంతాలీ పిల్ల సాల చెట్టు ఆకులతో విస్తరి కుట్టడం నేర్పడానికొచ్చింది. ఏడాదంతా ఆ పిల్ల క్లాసులో నోరు విప్పగా నేను వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. మేష్టారు ఆకుని తిరగేసి పట్టుకున్నారు. సరిచేసింది. పుల్ల అడ్డంగా గుచ్చారు, ఆకు చిరిగింది. ఇంకో ఆకు ఇచ్చింది. అదీ చింపారు. ఆ పిల్లకి ఒళ్ళు మండి ఆయన చేతి మీద ఒక్కటేసి గడగడా తిట్టడం మొదలుపెట్టింది. మాకెవరికీ భాష రాదు, అయినా ఏమంటోందో ప్రతి మాటా తెలిసిపోయింది. హాలంతా నవ్వులు. వెనకనున్న వాళ్ళమ్మ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత ఆ పిల్ల నా క్లాసులో చెయ్యెత్తడం మానేసి "ప్రెజెంట్" అనడం నేర్చుకుంది.

ఆ రాకపోవడమనే విద్య నాకు చేతకాదు. ఒక కుర్రాడు కాగితంతో పడవ మడవడం చూపిస్తే ఒక్కసారికే మడిచేసి వాడి చేతిలో పెట్టాను, అంచులు కూడా సరిగ్గా కలిపి. వాడు "థాంక్యూ మేడమ్" అని వెళ్ళిపోయాడు. మేష్టారు నన్ను పక్కకి పిలిచారు.

"ఏటి లెక్కలూ, గబుక్కున వచ్చేసిందని సంబరమా? ఆ గుంటడికింకా బోలెడు మాటలు నోట్లోనే ఉండిపోనాయి."

"వచ్చినది రానట్టు నటించడం నాకు రాదు మేష్టారూ. అది అబద్ధం కాదా?" అన్నాను.

"వండినోళ్ళ ముందు ఆకలేసినట్టు కూకోడం అబద్దమేటమ్మా? మరియాద" అన్నారు.

నాకు ఆ మాట నచ్చలేదు. ఆ రోజంతా మూతి ముడుచుకునే తిరిగాను. మర్నాడు టీ వచ్చినప్పుడు ఆయన కప్పులోంచి సగం నా కప్పులో పోసి ఏమీ జరగనట్టు పేపరు ముక్క ముందు పెట్టారు.

ఆయన రిటైరయ్యేనాటికి తెలుగు తీసుకునే పిల్లలు లేరు. పోస్టు ఖాళీగా ఉండిపోయింది. తెలుగు గదిలో కంప్యూటర్లు పెట్టారు. ఆయన కుర్చీ కిటికీ దగ్గరే ఉంది కానీ అందులో సంస్కృతం సర్ కూర్చుంటాడు, మంచివాడే, నాతో అవసరం ఉంటేనే మాట్లాడతాడు. ఏడాదికోసారి తలకిందుల బడికి మాత్రం మేష్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. ఆ గంటకోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్నంటే మీరు నవ్వుతారేమో. బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని నోరారా తెలుగు మాట్లాడేదాన్ని. కూరల రేట్ల నుంచి ప్రిన్సిపాల్ మేడమ్ కొత్త విగ్గు దాకా.

కిందటేడు ఒక బీహారీ కుర్రాడు గమ్ఛా తువ్వాలుతో తలపాగా చుట్టడం నేర్పడానికొచ్చాడు. మేష్టారు చుట్టుకున్నారు, జారిపోయింది. పిల్లలు నవ్వారు. మళ్ళీ చుట్టుకున్నారు, మెడలో పడింది. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. అంతకుముందు ఏడాదుల్లో ఇలా ఆడుతున్నప్పుడు ఆయన ఓరకంట నా వైపు చూసేవారు, ఎలా ఉంది అన్నట్టు. ఆ రోజు చూడలేదు. గుడ్డ వైపే చూస్తున్నారు. కొస ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కుంటున్నారు. ఉన్నట్టుండి నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా, "టీచరమ్మా, ఈ గుడ్డతో ఏటి సెయ్యాలన్నాడు?" అని అడిగారు.

హాలంతా చప్పట్లు కొడుతోంది. ఆయన ఎప్పటిలాగే ఆడుతున్నారనుకున్నారంతా. నేను గమ్ఛా అందుకుని గబగబా ఆయన తలకి చుట్టేశాను. ఆయన ఆ తలపాగాతోనే ఆటో ఎక్కి ఇంటికెళ్ళారు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. చెప్తే మరుసటేడు పిలవరని భయం. పిలవకపోతే ఆయనకి ఆ గంట పోతుంది, నాకూ పోతుంది.

తరవాత నెలల్లో ఆయన జ్ఞాపకం త్వరత్వరగా పాడైపోయింది. ముందు ఇంగ్లీషు మర్చిపోయారు. తరవాత హిందీ. కొడుక్కి గమ్హరియా ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. కోడలు బీహార్ పిల్ల, ప్రాణం పెట్టి చూసుకునేది, పాపం తెలుగు ముక్క రాదు. ఆయనకి తెలుగు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన ఏదో అడుగుతారు, ఆమెకి అర్థం కాదు, నాకు ఫోన్ చేసి ఆయన నోటి దగ్గర పెట్టేది. నేను విని ఆమెకి హిందీలో చెప్పేదాన్ని. గంజి కావాలంటున్నారు. ఫ్యాన్ ఆపమంటున్నారు. లాంగ్‌బెల్ కొట్టేశారా అని అడుగుతున్నారు. క్లాసులో ఉన్నా సరే ఫోన్ ఎత్తేదాన్ని. ఎంత బాధగా ఉన్నా, నాలుగు తెలుగు మాటలు చెవిన పడ్డాయని లోపలెక్కడో తృప్తిగా ఉండేది. సిగ్గుపడాలో ఏమో నాకు తెలీదు.

ఒక సాయంత్రం చూడ్డానికెళ్ళాను. వరండాలో కుర్చీలో ఉన్నారు. పక్కన కూర్చుని స్కూలు సంగతులు చెప్పుకుపోతున్నాను. చాలాసేపు విన్నారు.

"మీరెవరమ్మా? మన తెలుగు సక్కగా మాటాడతన్నారు. ఎవరు నేర్పేరు?"

"మీరే నేర్పారు మేష్టారూ."

"నానా?" అని ఆశ్చర్యపోయారు. ముసిముసిగా నవ్వారు. "అయితే బాగానే సెప్పేనన్నమాట."

నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. ఇంటికెళ్ళేదాకా దార్లో దానికి బదులు చెప్తూనే ఉన్నాను.

ఆయన పోయిన మూడోనాడు స్టాఫ్ మీటింగ్. ప్రిన్సిపాల్ మేడమ్ మర్యాదగానే చెప్పింది. సర్ లేకుండా ఆ కార్యక్రమం ఎందుకు, ఆ గంటలో క్విజ్ పెడదాం అంది. ఎవరూ కాదనలేదు. నేను కాదన్నాను, కొంచెం గట్టిగానే. మరి సర్ చోట్లో ఎవరు కూర్చుంటారని అడిగింది. నేను కూర్చుంటానన్నాను. టేబుల్ చుట్టూ అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఈవిడా, రానట్టు కూర్చోవడమా అని. వాళ్ళనేం అనలేను. నాకూ అదే బెంగ.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం కూడా చలిగానే ఉంది. పిల్లలొచ్చి నేర్పారు. మొదటి ఇద్దరి దగ్గరా నేను ఎప్పట్లాగే చేసేశాను, చేతులు నా మాట వినలేదు. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. మేష్టారు ఉంటే మూతి విరిచేవారు.

తరవాత తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. గోల్‌మురి నుంచి వస్తుంది. ఇంట్లో తెలుగువాళ్ళేనని నాకు తెలుసు, కానీ ఎప్పుడు పలకరించినా హిందీలోనే బదులిచ్చేది. పళ్ళెంలో కనకాంబరాలు తెచ్చింది, పెరట్లోవట. మాల కట్టడం నేర్పుతానంది. నేను ఊహ తెలిసినప్పట్నుంచీ మాలలు కడుతున్నాను. కళ్ళు మూసుకున్నా కట్టగలను.

ఇంటి భాషలో చెప్పాలి కదా. పిల్ల మొహం ఎర్రబడింది. "టీచర్, ముందు ఈ... ఈ ధాగా..." అని ఆగిపోయింది. దారం అన్న మాట నా నాలిక చివర ఉంది. అందిస్తే అయిపోతుంది. నేను నోరు మూసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల పైకి చూసింది, కిందికి చూసింది, పెదాలు కదిపింది. "దారం" అంది. "దారం ఇలగ ఏలికి సుట్టుకోవాలి. నాలుగు పువ్వులు ఇటు, నాలుగు అటు. మా మామ్మ ఇలగే కడతాది."

నేను దారం చుట్టుకున్నాను. పువ్వులు పెట్టాను. ముడి బిగించలేదు. పువ్వులన్నీ నా ఒళ్ళో రాలిపోయాయి.

"అలగ కాదు టీచర్," అని ఆ పిల్ల బెంచీ మీద నా పక్కన వచ్చి కూర్చుంది. "తొందరెందుకు మీకు? మల్లీ సూడండి."

నేను చూశాను. మళ్ళీ కట్టాను. ఆ మాట ఇంకొక్కసారి అంటుందేమోనని, ముడి మళ్ళీ వదిలేశాను.