బావిలో దాచిన చేపలు

ఈ ఏడు మృగశిర కార్తె, మా మిరుగు, వచ్చింది గానీ వాన రాలేదు. మిరుగు నాడు ఇంత చేప ముక్క నోట్లో పడాలన్న పట్టింపు మన ఈడు వాళ్ళకు ఇంకా పోలేదు కదా, అందుకని నేనూ సంచి పట్టుకొని హుజూరాబాద్ అంగడికి పోయాను. మంచుగడ్డల మీద పేర్చిన చేపలన్నీ ఒకే జాతి, ఒకే సైజు. ఏ చెరువువని అడిగితే అమ్మే ఆమె నవ్వి, "చెరువులల్ల నీళ్ళేడున్నయ్ అవ్వా, ఇవి లారీల వచ్చినయ్" అన్నది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు మా ఊరి కట్ట పక్కగా పోతుంటే కిటికీలోంచి చూశాను. చెరువు పొట్ట నెర్రెలు వారి ఉన్నది. తూము దగ్గర మాత్రం నాలుగు దోసిళ్ళంత నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. ఎందుకో గుండె దడదడలాడింది. ఇంటికి రాగానే మా బిడ్డ కంగారుపడి బీపీ చూసి, అంతా బాగానే ఉందన్నది. బాగానే ఉంటుంది. ఆ దడ బీపీది కాదు, ఎప్పటిదో. ఎండుతున్న చెరువును చూస్తే నాకు ఇప్పటికీ అట్లాగే అవుతుంది.

మాది చేపలు పట్టి బతికిన ఇల్లు. బాపు వల భుజాన వేసుకొని చెరువుకు పోతే, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ గంప నెత్తిన పెట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. ఆ గంప బరువు మీదనే నేను చదువుకున్నాను. టీచరుగా కొత్తగా కొలువు దొరికి, ఇంకా పెళ్ళి కాక, అవ్వాబాపుల దగ్గరే ఉంటూ పొద్దున్నే బస్సెక్కి బడికి పోయి వచ్చే రోజులవి. అప్పటి మా చెరువులో ఉన్నవి ఒక రకం చేపలా! కొర్రమట్టలు, జెల్లలు, వానకాలంలో అలుగు మీదికి ఎగిరే పరిగెలు, వెడల్పుగా పలచగా ఉండి నీళ్ళలో పక్కకు ఒరిగితే తళుక్కుమనే చందమామలు. తామరాకుల నడుమ తాబేళ్ళు తలలెత్తి చూసేవి. నత్తలను వెతుక్కుంటూ పొడుగు ముక్కుల కొంగలు వచ్చి, మా అవ్వలాగే తలవంచుకొని ఓపికగా మడుగంతా గాలించేవి. ఇదంతా ఎప్పటికీ ఉండేదే అనుకున్నాం గనుక మేమెవరం దాన్ని పట్టించుకోలేదు.

మొదటి ఏడు వానలు ముఖం చాటేస్తే, వచ్చే ఏడు పడతాయిలే అనుకున్నాం. రెండో ఏడూ మబ్బులు వచ్చినట్టే వచ్చి ఆదిలాబాద్ అడవుల దిక్కు తేలిపోయాయి. కప్పల అరుపు లేని ఆషాఢాన్ని నేను అప్పుడే చూశాను. ఆ చలికాలానికే చెరువు సగమైంది, ఎండలు ముదిరేసరికి తూము ముందరి మడుగు ఒక్కటే మిగిలింది. కొంగలు వచ్చి రెండు పూటలు నిలబడి, ఏమీ దొరకక లేచిపోయాయి. తాబేళ్ళు నీళ్ళను వెతుక్కుంటూ రోడ్డెక్కాయి. నేను పోయే బస్సు కిందనే ఒకటి పడింది. ఆ చప్పుడు విన్నవాళ్ళం కొందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం గానీ, బస్సు ఆగలేదు. ఆనాడు బడిలో పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

మడుగు మోకాలి లోతుకు వచ్చినప్పుడు చేపల సంఘం వాళ్ళంతా కట్ట మీద కూర్చున్నారు. ఎండిపోయేలోపే మిగిలిన చేపలన్నీ పట్టి ఇంటింటికీ పంచుకుందామన్నది మాట. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు, ఒక్క మా అవ్వకు తప్ప. ఒక్కో రకం కొన్నిటినైనా బతికించుకోవాలని ఆమె ఆడవాళ్ళ నడుమ నుంచి లేచి చెప్పింది. మా పెదబాపుకు కోపం వచ్చింది. ఆయన ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, పొలం లేదు, ఆ కోపం ఆకలిది.

"తమ్మీ, ఇంట్ల పోరగాండ్లు జొన్న గట్క తాగి పంటుండ్రు. గిసొంటప్పుడు చేపలకు నీళ్ళు దాసుడేందిరా?" అని ఆయన మా బాపును అడిగాడు.

బావగారి ముఖం చూసి మాట్లాడే అలవాటు లేని మా అవ్వ, బాపు వైపే తిరిగి జవాబు చెప్పింది. "తినొద్దని ఎవలన్నరు? అన్నీ తినొద్దంటున్న. ఇత్తనాలు గుడ తిన్నంక వాన పడి ఏం ఫాయిదా?"

ఆ తర్వాత ఆమె చెప్పింది నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. తన చిన్నతనంలో పెద్దపల్లి దగ్గరి తన పుట్టినూళ్ళో ఇట్లాగే చెరువు ఎండితే అందరూ ఊడ్చిపెట్టి తిన్నారట. మళ్ళీ వాన పడి చెరువు నిండింది గానీ, నీళ్ళలో పరిగె పిల్ల కూడా లేదు. దోమపిల్లల్ని తినే నోరు లేకపోయేసరికి ఆ నీళ్ళన్నీ దోమలే. ఇంటింటా చలిజ్వరం. ఆ జ్వరంలోనే ఆమె తమ్ముడు పోయాడు. తమ్ముడు ఒకడున్నాడని కూడా మాకు తెలియదు. చివరికి పెద్దవన్నీ పంచుకోవాలని, రకానికి ఇన్ని ఎత్తి దాచాలని, అడుగు బురదను ఇటుకలకు తవ్వనీయొద్దని ఒప్పుకున్నారు. బురదలో నత్తలూ తామర దుంపలూ నిద్రపోతుంటాయి.

దాచడం సరే, ఎక్కడ దాచాలి? కొర్రమట్టలతో బాధ లేదు, అవి గాలి పీల్చి బతుకుతాయి. పైగా తక్కినవాటితో కలిపితే వాటినే మింగుతాయి. వాటిని మా వాకిట్లో నీళ్ళ గోలెంలో వేసి పైన వల కప్పాం. మిగతా వాటికి లోతు నీళ్ళు కావాలి. ఊళ్ళో బావులన్నీ ఎండిపోగా, మెట్లు దిగిపోయే పాత వ్యవసాయ బావి ఒక్కదానిలోనే ఊట మిగిలింది. ఆ బావి ఉన్న ఆమెను మేము అత్తా అని పిలిచేవాళ్ళం. భర్త మస్కట్‌లో ఉంటే ఒక్కతే వ్యవసాయం చేసుకొనేది. పొలం ఎండిపోయింది, పాడిబర్రెకు పెంచుతున్న పచ్చగడ్డి మడి మాత్రం ఆ ఊట మీద బతుకుతున్నది.

అవ్వ నన్ను వెంటబెట్టుకొని పోయి అడిగితే అత్త ముఖం చిన్నబోయింది. "బాయిల ఉన్నయే గిన్ని నీళ్ళు. బర్రెకు పెట్టాల్నా, నీ చేపలకు పెట్టాల్నా వదినె?"

అవ్వ బావి ఒడ్డున కూర్చుండిపోయింది. అత్త బావిలోకి ఒకసారి చూసి, మోటరు గుడిసెకు తాళం వేసి వచ్చింది. "బర్రెను మా అవ్వగారింట్ల కట్టేసొస్త, ఆడ కాలువ పారుతున్నది. చేపలనైతే ఏ అవ్వగారింటికి తోలుతం?" అన్నది. మరునాడే బర్రెను తోలుకొని పోయి, ఒట్టి పలుపుతాడు చేత పట్టుకొని తిరిగివచ్చింది.

పొద్దుటి చల్లదనంలో బిందెలతో చేపల్ని మోశాం. అప్పటినుంచి మొదలైంది నా పరేషాన్. బస్సుకు పోయే ముందు ఒకసారి, బస్సు దిగాక ఒకసారి బావిలోకి తొంగిచూడనిదే నాకు స్థిమితం ఉండేది కాదు. నీళ్ళు ఒక్కో మెట్టే దిగుతున్నాయి. బల్ల మీద రెండు నీళ్ళ చుక్కలు కనబడినా అవి ఎండిపోయేదాకా చూస్తూ కూర్చొనేదాన్ని.

ఒంటిపూట బడి ముగించుకొని వచ్చిన ఒక మధ్యాహ్నం ఆకు కదలడం లేదు. అన్నం ముందు కూర్చున్నానో లేదో, అత్త చెప్పుల్లేకుండా ఉరుకుతూ వచ్చింది. "వదినె, జల్ది రాండ్రి! చేపలన్నీ పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్!"

నిజంగానే బావి మీద సన్నని నోళ్ళు వందలుగా తెరుచుకొని మూసుకుంటున్నాయి. వేడికి నీళ్ళలో గాలి అయిపోయిందని, ముంచి ఎత్తు నుంచి పోస్తే నీళ్ళకు గాలి తగులుతుందని బాపు అన్నాడు. మెట్ల మీద వరుసగా నిలబడి బకెట్లు పైకి అందించి, మళ్ళీ బావిలోకే కుమ్మరించడం మొదలుపెట్టాం. ఎండ వీపు మీద కూర్చున్నది. చేతులు పట్టేశాయి, చందమామలు మా కళ్ళముందే తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి, వాటిని చూసి అత్త ఏడుస్తూనే నీళ్ళు ముంచుతున్నది. నా చేతిలో బకెట్ జారబోతుండగా ఎవరో వెనకనుంచి అందుకున్నారు. చూస్తే పెదబాపు. ఆయన నన్ను పక్కకు జరిపి మెట్టు మీద నిలబడ్డాడు. పొద్దు వంగి కాస్త గాలి ఆడేసరికి నోళ్ళు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. చచ్చినవాటిని ఏరి చెట్టు మొదట్లో పాతిపెట్టాం. బావికి అడ్డంగా మొద్దులు వేసి తాటికమ్మలు పరిచాం. ఆ నీడ ముందే వేసి ఉంటే బాగుండునని బాపు ఎన్నో ఏళ్ళు అనుకొనేవాడు.

వాన చివరికి వచ్చింది గానీ మెల్లగా రాలేదు. ఒక్క పూటలో వాగులు పొంగాయి. ఎన్నాళ్ళో ఎదురుచూసిన వాన పడుతుంటే సంతోషించే తీరిక కూడా లేకపోయింది. చేలలోని బురదనీళ్ళు బావిలోకి దూకుతున్నాయని అత్త పార పట్టుకొని ఒడ్డు చుట్టూ మట్టి కట్ట వేస్తుంటే, మేమూ తడుస్తూ మట్టి ఎత్తిపోశాం. చెరువులోకి వచ్చిన తొలినీళ్ళు చాయ్ రంగులో, చెత్తతో నిండి ఉన్నాయి. వాటిలో వదిలితే మొప్పలు పూడుకుపోతాయని, తేట పడనీయమని ఈసారి ఆపింది పెదబాపే. నీళ్ళు తేరాక బావిలోవీ గోలెంలోవీ మోసుకొచ్చి బిందెలు వంచాం. కొన్ని చేపలు చటుక్కున లోతుకు పోయాయి, కొన్ని బిందె నీడనే ఇల్లనుకొని అక్కడే తిరుగుతూ నిలిచాయి. బతుకమ్మ దాకా వల వేయొద్దని సంఘం కట్టుబాటు చేసింది. కంటి ముందు నీళ్ళుండి, ఇంట్లో కూర లేక గడిపిన ఆ నెలలు అందరికీ కష్టంగానే గడిచాయి. ఒకరిద్దరు ఆశపడి వల విసిరితే కొట్లాటలూ అయ్యాయి.

ఒక పొద్దున నేను బస్సుకు పోతుంటే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పెదబాపు చేయి ఊపాడు. "బిడ్డా, జర ఇటు రా. సప్పుడు చెయ్యకు."

చెప్పులు విప్పి దిగాను. తామరాకు పక్కన నీళ్ళు ఎర్రగా కదులుతున్నాయి. వేలెడు కూడా లేని కొర్రమట్ట పిల్లలు ముద్దగా కలిసి పైకి లేస్తూ మునుగుతున్నాయి, వాటి కింద నల్లటి తల్లీతండ్రీ కాపలా తిరుగుతున్నాయి. ఆయన భుజాన వల ఉన్నది. దాని మీదికి ఆయన చెయ్యి పోలేదు. "మీ అవ్వకు చెప్పు" అన్నాడు, అంతే. చెపితే అవ్వ కొంగుతో ముఖం తుడుచుకొని, బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

అన్నీ తిరిగి రాలేదు. తామర లేచింది, నత్తలు లేచాయి, మరో ఏడుకు కొంగలూ వచ్చాయి. పరిగెలు అలుగు మీద ఎగిరాయి. తాబేళ్ళు మాత్రం రాలేదు. చందమామలను నేను మళ్ళీ మా చెరువులో చూడలేదు. అత్త బర్రె ఈనిందని విని మా ఇంట్లో పండుగ చేసుకున్నంత పని చేశాం.

ఇప్పుడు అవ్వా లేదు, బాపూ లేడు, అత్తా లేదు. మా బిడ్డకు ఇదంతా చెపితే, చెరువు ఎండితే లారీలో పిల్లచేపలు వస్తాయి కదమ్మా అంటుంది. వస్తాయి, ఒకటో రెండో రకాలు. అత్త బావిని మట్టితో పూడ్చి ఇల్లు కట్టారు, ఊళ్ళో తక్కిన బావులూ పోయాయి. ఎవరి బోరు వాళ్ళ గోడ లోపల ఉన్నది, ఎవరి నీళ్ళ ఫికర్ వాళ్ళది. మనమంతా ఇప్పుడు ఆనాటికంటే సుఖంగానే ఉన్నాం, కాదనను. కానీ తూము దగ్గరి ఆ నాలుగు దోసిళ్ళూ రేపో మాపో ఎండిపోతే, ఈ వయసులోనూ ఒక బిందెడు చేపల్ని నేను మోయగలను. మోసుకొని ఎవరి వాకిట్లోకి పోవాలో అదే తోచడం లేదు.