పెరటివైపు వేసిన తలుపు

పాలిటెక్నిక్ కాలేజీలో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పిల్లలకీ, తోటి లెక్చరర్లకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ కూడా ఆయన లైసెన్సు మాస్టారే. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముందు అక్షరాల తీరు చూసేవారు, పెళ్ళికూతురి పేరు ఆ తర్వాత. "ఈ ఫాంటు కొన్నదా, కొట్టేసిందా?" అని అడిగితే ఏ పెళ్ళికొడుకు తండ్రి మాత్రం ఏం చెబుతాడు?

కంప్యూటర్ ల్యాబులోనూ ప్రిన్సిపాల్ గదిలోనూ దొంగ కాపీలన్నీ పీకేసి, ఎవరైనా విప్పి చూసుకుని, బాగుచేసుకుని, పక్కవాడికి పంచిపెట్టగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. మర్నాడే ప్రిన్సిపాల్ గదిలో ప్రింటరు మూగబోయింది. ఆయన పిలిచి కేకలేస్తే, "మొరాయించింది ప్రింటరు కాదండీ, దాని కంపెనీ. తలుపు మనకి అమ్మి, తాళంచెవి వాళ్ళ మొలలో దోపుకున్నారు" అన్నారు మాస్టారు. మాట బాగానే ఉంది. ప్రింటరు మాత్రం కదల్లేదు.

ఇలాంటివాళ్ళని పిచ్చివాళ్ళని కొందరంటారు, మహాత్ములని కొందరంటారు. రెండూ బద్ధకం మాటలే. మాస్టారు చెప్పిందే చేసే మనిషి, అంతే. లోకంలో అలాంటివాళ్ళు తక్కువ కాబట్టి దాన్ని సుగుణం అంటాం. అది ఎవరి నెత్తిన పడుతుందో చూసి మరీ అనడం మంచిది.

ఆయనకి మిగిలిన చుట్టరికమల్లా ఒక్క అక్క. సగం పూట బస్సు ప్రయాణం దూరంలో ఉండేది. బావ ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఆవిడ బస్‌స్టాండులో మైకు మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ గదిలో ఏడుస్తున్నాడో ఊరికంతా చెప్పే గొంతు ఆవిడదే. కూరలు కొనడానికి వెళ్ళినా ఆ గొంతు గుర్తుపట్టి, "అమ్మా, మా బస్సెప్పుడు?" అని హాస్యమాడేవాళ్ళు. ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఊపిరి కోసం మెడ దగ్గర ఒక రంధ్రం మిగిల్చారు. మాట పోయింది.

అప్పుడు మాస్టారు చేసిన పని మంచిదే. దాన్నెవరూ కాదనలేరు. వారం సెలవు పెట్టి వెళ్ళి, అక్క పక్కన కూర్చుని, ఆవిడ ఫోనులో, బ్యాంకు పనులకి ఉంచిన ఈమెయిలు ఒక్కటి తప్ప, పెద్ద కంపెనీల ఖాతాలన్నీ తీసేయించి, తను నమ్మిన లోకంలోకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక్క యజమాని ఉండడు. చిన్నచిన్న సర్వర్లు వేలు ఉంటాయి, ఒక్కోటీ ఒక్కో ఇల్లు లాంటిది, ఒక్కోదాన్నీ ఎవరో ఒకరు సొంతంగా నడుపుకుంటారు. ఒక ఇంట్లో రాసింది ఇంకో ఇంట్లో చదువుకోవచ్చు. మాస్టారు పడగ్గది అలమరలో బుర్రుమంటూ తిరిగే పెట్టె అలాంటి ఒక ఇల్లు, దాని పేరు 'అరుగు'. కొన్ని వందలమంది అక్కడ కూర్చుని కబుర్లాడుకునేవారు.

అక్కని అరుగు మీద కూర్చోబెట్టలేదు ఆయన. అయినవాళ్ళని సొంత సర్వర్లో పెట్టుకుంటే పక్షపాతానికి దారి తీస్తుందని ఆయన నియమం. ఆవిడకి కుండీల్లో మొక్కలంటే ఇష్టం కాబట్టి, ఒక నర్సరీ యజమాని నడిపే 'పెరడు'లో చేర్చారు. ఆవిడ నాలుగు రోజుల్లో అలవాటుపడిపోయింది. గుట్టుగా ఒకరికే రాసే పద్ధతి కూడా ఉందని తమ్ముడు ఎంత చెప్పినా వినలేదు. మైకులో బతికిన మనిషికి గుట్టేమిటి? తమ్ముడికి రాసేదైనా సరే నలుగురి మధ్యే రాసేది. "ఒరేయ్, తిన్నావా లేక సిద్ధాంతం నమిలి పడుకున్నావా?" అని పొద్దున్నే ఒక వాక్యం. పెరట్లో వాళ్ళందరూ నవ్వుకునేవారు. మాస్టారు మాత్రం గంభీరంగా జవాబు రాసేవారు.

ఫోను చేసి లాభం లేదు, అక్కకి గొంతు లేదు. ఇక మాస్టారి ఫోనంటారా, కంపెనీల సాఫ్ట్‌వేరంతా గీకేసి ఆయన సొంతంగా ఏదో ఎక్కించుకున్నారు. ఒక్కోరోజు మోగేది, ఒక్కోరోజు మోగేది కాదు, మెసేజీలూ అంతే. కాబట్టి ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య ఉన్న దారల్లా పెరటికీ అరుగుకీ మధ్య ఉన్న ఆ ఒక్క తలుపే.

ఆ తలుపు మాస్టారే వేశారు.

ఎందుకు వేశారంటే, పెరట్లో ఒకడు చేరాడు. గులాబీలకి అంట్లు కట్టడం గురించి చక్కగా రాసేవాడు. అదే చేత్తో అరుగు మీది లాయరమ్మకి రాయకూడనివన్నీ రాసేవాడు. ఆవిడ ఇంటి ఫొటో పెట్టాడు, ఆవిడ కూతురు ఏ బడికి వెళుతుందో రాశాడు. లాయరమ్మ నర్సరీ యజమానికి ఫిర్యాదు చేస్తే, ఆయన మెత్తని మనిషి, "మొక్కల విషయంలో మంచివాడేనమ్మా, మాట్లాడి చూస్తాను" అన్నాడు. మాట్లాడలేదు. చూడనూ లేదు. ఇలాంటప్పుడు ఆ లోకంలో ఒక ఆచారం ఉంది: ఆ సర్వరుతో మొత్తంగా తెగతెంపులు చేసుకుంటారు. తలుపు వెయ్యడం అంటారు దాన్ని. మన పాతవాళ్ళయితే వెలి అని ఉండేవాళ్ళు. పేరు మార్చినంత మాత్రాన పని మారదు. కానీ లాయరమ్మ బాధ అబద్ధం కాదు, ఆవిడ అడిగినదాంట్లో తప్పూ లేదు.

అరుగు మీద చర్చ పెట్టారు. అరుగువాళ్ళలో ఒకడైన ప్రింటింగ్ షాపతను వెంటనే వెయ్యాలన్నాడు. కొందరు ఇంకో అవకాశం ఇద్దామన్నారు. బాధపడుతున్న లాయరమ్మకే ఒక సంగతి తట్టింది. "పెరట్లో మన వాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే ముందు వాళ్ళకి చెప్పి ఇటు తెచ్చుకుందాం. తలుపు తర్వాత వేద్దాం" అని రాసింది.

మాస్టారు ఆ మాట చదివారు. "మా అక్క ఉంది" అని టైపు చేశారు. చేసి, చెరిపేశారు.

చెరిపెయ్యడానికి ఆయనకి కారణం లేకపోలేదు. ఆయన దగ్గర ఎప్పుడూ కారణం ఉండేది. తన అక్క ఉందని ఆపితే రేపు ప్రింటింగ్ షాపతను తన బావమరిది ఉన్నాడని ఆపుతాడు. తన అక్కకి ముందుగా చెబితే పెరట్లోని మిగతావాళ్ళకి అన్యాయం. ఓటు పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు, పూర్తయ్యాక అందరితో పాటే అక్కకీ చెప్పాలి. ధర్మరాజుకి కూడా ఇంత లెక్క తట్టి ఉండదు. ఓటు పూర్తయింది, తలుపు పడింది. అటునుంచి వచ్చే ప్రతి మాటా అరుగు గుమ్మంలోనే నేలపాలయ్యే ఏర్పాటది. అటునుంచి రాసేవాళ్ళకి మాత్రం తేడా ఏమీ తెలియదు, రాసింది ఎప్పటిలాగే వెళ్ళినట్టు కనిపిస్తుంది.

తర్వాత అక్కకి ఈమెయిలు రాశారు, జరిగింది ఇదీ, వేరే సర్వరుకి మారే పద్ధతి ఇదీ అని. ఆ మెయిలు కూడా ఆయన సొంత పెట్టెలోంచే వెళ్ళింది. ఇళ్ళలోంచి నడిచే చిన్న మెయిలు సర్వర్లని పెద్ద కంపెనీలు నమ్మవనీ, వాటి ఉత్తరాల్ని చూడకుండానే చెత్తబుట్టలో పడేస్తాయనీ ఆయనకి తెలియదా అంటే, తెలుసు. ఆ అన్యాయం మీద కాలేజీ ఆడిటోరియంలో ఉపన్యాసమిచ్చిన మనిషి. ఆయన మెయిలు అక్క మెయిలుపెట్టె అడుగున అదే బుట్టలో పడింది. ఆవిడ ఆ బుట్ట ఎన్నడూ తెరిచి ఎరగదు.

జవాబు రాలేదు. అక్క అలిగిందనుకున్నారు మాస్టారు. వాళ్ళ ఇంట్లో అలకలు ముసురు లాంటివి, పట్టిందంటే ఓ పట్టాన వదలదు. పెరడు బయటివాళ్ళకీ కనిపిస్తుంది, ఖాతా లేకపోయినా తెరిచి చూడొచ్చు. ఆయన చూడలేదు. తలుపు వేసినవాడు కిటికీలోంచి తొంగిచూడకూడదని ఇంకో నియమం పెట్టుకున్నారు. పరీక్షలొచ్చాయి, పేపర్లు దిద్దడం అయింది, కొత్త పిల్లలు చేరారు. ముసురు విడవలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు క్లర్కు ల్యాబు దాకా వచ్చి, ఎవరో ఆడమనిషి ఆఫీసు ఫోనులో ఉందనీ, తిడుతోందనీ చెప్పాడు. బస్‌స్టాండులో టికెట్ కౌంటరు మనిషి ఆవిడ, అక్కతో ఇరవై ఏళ్ళ స్నేహం.

"మాస్టారూ, మీరు బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నానండీ. అక్క ఎలా..."

"బాగానే ఉన్నారన్నమాట. నేనింకా కాళ్ళో చేతులో పడిపోయి ఉంటాయనుకున్నాను. పెద్దాసుపత్రిలో ఉంది మీ అక్క. రావాలనిపిస్తే రండి."

ఆయన వెళ్ళేసరికి కౌంటరావిడ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మాస్టారు ఈమెయిలు సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తన ఫోనులో పెరడు తెరిచి, అక్క రాసినవి పైకి జరిపి, ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు నిలబడే చదివారు.

మొదట్లో అన్నీ ఎప్పటి వేళాకోళాలే. తర్వాత, "బతికున్నావా, ఆ పెట్టెలో నువ్వే ఇరుక్కుపోయావా?" ఆ తర్వాత, "కోపమెందుకో చెప్పు, నేనూ కోప్పడతాను." దానికింద, "ఒరేయ్, డాక్టరు మళ్ళీ కత్తి నూరుతున్నాడు. పుండు ఇంకోచోట లేచిందట. మళ్ళీ కోస్తే బతకొచ్చట, కానీ మింగడం కూడా పోవచ్చట, గొట్టంతో తిండి. చేయించుకోనా, వద్దా? నువ్వు చెప్పు. నువ్వేం చెబితే అది చేస్తాను." ఆ ప్రశ్న ఒక్కసారి కాదు, వరసగా ఉంది. కింద పెరటి జనం జవాబులు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు. కొందరు చేయించుకోమన్నారు, కొందరు ధైర్యం చెప్పారు, నర్సరీ యజమాని అయితే తన కారు పంపిస్తానన్నాడు. ఒకావిడ, "మీ తమ్ముడు చూడలేదేమోనండీ" అంది. అక్క దానికి, "వాడు చూడకుండా ఉండడమ్మా. నన్నే తేల్చుకోమంటున్నాడు" అని రాసింది.

పెరడంతా చదివింది. చదవనిది ఒక్క మాస్టారే.

డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. ఆవిడ ఎటూ తేల్చక ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చిందనీ, అప్పుడైతే చేసేవాళ్ళమనీ, ఇప్పుడు చేసేదేమీ లేదనీ, నొప్పి తెలియకుండా చూస్తామనీ చెప్పి, ఇంకో మంచం దగ్గరికి వెళ్ళాడు.

అక్క సగమైపోయింది. తమ్ముణ్ణి చూసి కళ్ళు పెద్దవి చేసింది, దిండు కింద ఫోను కోసం తడిమింది. ఆవిడ ఏదో టైపు చేసేలోపే మాస్టారు మొత్తం చెప్పేశారు. అంట్లు కట్టేవాడి సంగతి, ఓటు, లాయరమ్మ అడిగిన మాట, తను చెరిపేసిన మాట. దాచుకోవడం చేతకాని మనిషి కాబట్టి అదీ సక్రమంగానే చెప్పారు, క్లాసులో చెప్పినట్టు.

ఆవిడ టైపు చేసి, ఫోను ఆయనవైపు తిప్పింది.

"నేనక్కడ ఉన్నానని తెలిసే వేశావా?"

"తెలిసే, అక్కా."

మళ్ళీ టైపు చేసింది. "ఇప్పుడైనా తెరువు. నా మాట అటుంచు. అక్కడ ఇంకెంతమంది ఎవరెవరికి రాసుకుంటున్నారో."

"తెరవాలంటే ఓటు పెట్టాలక్కా."

ఆ మాట ఆయన అనాలని అనలేదు. నోటికి అలవాటైపోయి వచ్చేసింది. అక్క నవ్వింది. గొంతులేని నవ్వు, మెడ దగ్గరి రంధ్రంలోంచి గాలి ఈలలా వచ్చింది, వెంటనే దగ్గు తెర. కౌంటరావిడ పరిగెత్తుకొచ్చి గాజుగుడ్డతో తుడిచి, మాస్టారిని బయటికి నడవమంది.

వరండాలో నిలబడి మాస్టారు తన ఫోనులోంచే, ఓటు లేకుండా తలుపు తెరిచేశారు. ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా పడలేదు. పెరటివాళ్ళ మాటలు మళ్ళీ కనిపించడం చూసి ప్రింటింగ్ షాపతను, ఎవరినడిగి తెరిచారనీ, పెద్ద కంపెనీకీ మనకీ తేడా ఏమిటనీ అందరిముందూ నిలదీశాడు. పాఠం మాస్టారిదే, అతను అప్పజెప్పాడు. మాస్టారు అక్క సంగతి రెండు వాక్యాల్లో రాశారు. లాయరమ్మ ఆయనొక్కరికే జవాబు పంపింది. "నేను అడిగాను కదా మాస్టారూ. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే ఎన్నాళ్ళైనా ఆగేదాన్ని. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?" సాయంత్రానికి ఆవిడ అరుగు మీంచి ఖాతా తీసేసుకుని వెళ్ళిపోయింది.

తలుపు తెరిస్తే పాత మాటలు వచ్చి పడతాయేమోనని ఆయనకి లోపల ఏదో మూల ఆశ ఉన్నట్టుంది. అలా రావని పిల్లలకి పాఠం చెప్పేది ఆయనే. గుమ్మంలో పడిపోయినవి పడిపోయినట్టే, ఎవరూ ఏరి ఉంచరు. అవి రాసినచోట మాత్రమే ఉన్నాయి.

మర్నాటి నుంచి సెలవు పెట్టి మంచం పక్కన స్టూలు వేసుకున్నారు. పెరట్లో అక్క పేజీ తెరిచి, అన్నిటికంటే పాతదాని దగ్గర మొదలుపెట్టి, ఒక్కోటీ పైకి చదివి, ఒక్కోదానికీ నోటితో జవాబు చెప్పడం మొదలెట్టారు. తిన్నావా అన్నదానికి తిన్నానన్నారు. బతికున్నావా అన్నదానికి ఉన్నానక్కా అన్నారు. కోపమెందుకో చెప్పు అన్నదానికి, కోపం లేదక్కా, నీకే కోపమొచ్చిందనుకున్నాను అన్నారు. పక్క మంచం వాళ్ళు చోద్యంగా చూశారు. అక్క కళ్ళు మూసుకుని వింటోంది. ఒక్కోసారి పెదవి కొస కదిలేది.

డాక్టరు కత్తి నూరుతున్నాడన్నది వచ్చింది. మాస్టారు చదివారు. చేయించుకోనా, వద్దా అన్నదాకా చదివి, జవాబు చెప్పడానికి నోరు తెరిచారు.

అక్క చెయ్యి చాచి ఫోను తెర మీద పెట్టింది. అలా కొంతసేపు ఉంచింది. తర్వాత వేలితో ఆ మాటని పైకి జరిపేసి, దాని కిందిది చదవమని గడ్డంతో చూపించింది.