ఒళ్లో పెట్టుకోవాల్సిన డిస్కు

డిస్కును చెరిపెయ్యాలా అని తెర అడిగింది. అవునని నొక్కాను. ఆ వెంటనే బల్ల కింది పెట్టెలోంచి గుర్రుమని సన్నటి శబ్దం మొదలైంది. నేను కొత్తగా తెచ్చిన డిస్కులో తిరిగే చక్రం ఉండదు, అది చప్పుడు చేయదు. మా ఇంట్లో తిరిగే డిస్కు ఒక్కటే ఉంది, అది షంషాద్ మేడమ్‌ది. పక్క గదిలో పిల్లలిద్దరూ ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నారు. వంగి తీగ లాగేశాను. శబ్దం ఆగింది. కానీ పని పూర్తయిందని తెర మీద అప్పటికే వచ్చేసింది.

ఆ డిస్కులో ఏముందో చెప్పాలంటే ముందు మేడమ్ గురించి చెప్పాలి. ఆమె పుంగనూరులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేది. మా వైపు చాలా ముస్లిం ఇళ్లలో పెళ్లప్పుడు ఆడవాళ్ల వైపు వీడియోను ఆడమనిషే తీయాలి, ఆడమనిషే కూర్చాలి. మగవాళ్ల కంట పడకూడదు. అందుకని కలికిరి నుంచి, బి.కొత్తకోట నుంచి కూడా వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. మేడ మీద ఒకే గది. లోపలి నుంచి గడియ పెట్టుకుని పనిచేసేది. ఎవరైనా తలుపు తడితే ముందు తెర ఆర్పి తర్వాత గడియ తీసేది.

మదనపల్లెలో డిగ్రీ పూర్తి చేసి, ఎవరో చెబితే ఆమె దగ్గరికి పని అడగడానికి వెళ్లాను. నా చదువు గురించి ఆమె ఒక్క ముక్క కూడా అడగలేదు.

“ఈడ చూసింది ఇంట్లో చెప్తావా?” అంది.

“చెప్పను మేడమ్.”

“మీ అమ్మకి?”

“చెప్పను.”

“పెండ్లయినాక మొగునికి?”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. “నవ్వేదేం లేదు బేటీ. ఊరంతా దాచిపెట్టి ఆడనే చెప్పేసేవాళ్లు చానామంది.”

నాలుగు గోడల మధ్య చున్నీ జారినా పట్టించుకోకుండా నవ్వే అమ్మలు, గోరింటాకు చేతులతో అన్నం తినలేక చెల్లెలి చేత తినిపించుకునే పెళ్లికూతుళ్లు, పాట పాడుతూ మధ్యలో మరిచిపోయి ఒకరినొకరు తిట్టుకునే పిన్నమ్మలు. వీధిలో ఎదురైతే ముఖం కూడా కనిపించని వాళ్లందరినీ నేను ఆ గదిలో చూశాను. మేడమ్ ఆ వీడియోలను అమానత్ అనేది. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టింది, అడిగిన రోజు అలాగే తిరిగి ఇవ్వాల్సింది అని దాని అర్థం.

ఆమె వాడే ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఒక విదేశీ కంపెనీది. అది ఆ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే నడుస్తుంది, ఆ సిస్టమ్‌ను కంపెనీ తను తయారుచేసిన కంప్యూటర్లకే ఇస్తుంది. ఆ కంప్యూటర్లు మా అందుబాటులో ఉండేవి కావు. మేడమ్ మదనపల్లె నుంచి విడిభాగాలు తెచ్చుకుని తనే ఒక పెట్టె బిగించింది. దాంట్లో ఆ సిస్టమ్ ఎక్కాలంటే, స్విచ్ వేసిన ప్రతిసారీ ‘నేను ఆ కంపెనీ కంప్యూటర్‌నే’ అని ఆ పెట్టె చెప్పుకోవాలి. అలా చెప్పించడానికి ఒక చిన్న ఫైల్ రాయాలి. అందులో ఒక్క మాట తప్పినా తెర మీద తెల్ల గీత సగం దాకా నిండి నిలబడిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు.

“దొంగ సర్టిఫికెట్ పెట్టి ఉద్యోగం చేస్తాండాది ఇది,” అనేది మేడమ్, పెట్టె మీద చెయ్యి వేసి. “పొద్దు లేస్తే భయమే దీనికి.”

ఒకసారి వీడియోల శబ్దం వినిపించకుండా పోయింది, తర్వాత తెరే రాలేదు. ఇద్దరం కలిసి మదనపల్లెలో విడిభాగాలు అమ్మే దుకాణానికి వెళ్లాం. పెట్టె మాత్రం తీసుకుపోలేదు. దుకాణంలో అతను ఆశ్చర్యపోయాడు.

“పెట్టె తెచ్చి ఈడ పెట్టి పోండమ్మా. రేపు సాయంత్రానికి చేసిస్తా.”

“పెట్టె ఇయ్యను. మాట ఇయ్యి.”

“ఏం మాట?”

“యాడ పొరపాటు ఉండాదో నోటితో చెప్పు. చేసేది నేను చేసుకుంటా.”

“నోటితో చెప్తే కంప్యూటర్ వింటాదా?”

“నేను వింటా గదప్పా.”

అతను తల గోక్కుంటూ చెప్పాడు. ఆమె రాసుకోకుండా విన్నది. బస్సులో పుంగనూరు వచ్చేదాకా పెదవులు కదుపుతూనే ఉంది. గదిలోకి వచ్చాక పెట్టెలో ఉన్నవన్నీ పీకేసి, నడవడానికి ఎంత కావాలో అంతే ఉంచింది. ఒక్కొక్కటి తగిలించడం, స్విచ్ వేయడం, చూడడం. నేను తొందరపడి ఒకేసారి రెండు తగిలిస్తే చేతి మీద కొట్టింది. “రెండు మారిస్తే బాగైనా దేనివల్లో తెలీదు, చెడినా తెలీదు.” ఆమెకు ఓపిక ఎక్కువని అందరూ అనేవాళ్లు. నాకు అలా అనిపించేది కాదు. పెట్టెను మగవాళ్ల చేతికి ఇవ్వలేదు కాబట్టి ఆమెకు వేరే దారి లేదు.

సిస్టమ్‌ను మొదటినుంచి ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆమె ముందు చేసే పని ఒకటుంది. పెళ్లి వీడియోలున్న డిస్కును పెట్టెలోంచి ఊడదీసి, పాత చున్నీలో చుట్టి, నా ఒళ్లో పెట్టేది.

“కింద పెట్టొద్దు. ఒళ్లోనే పెట్టుకో.”

“బల్ల మీద పెడితే ఏమవుతుంది మేడమ్?”

“ఏం కాదు. బల్ల మీద పెడితే దాన్ని మర్చిపోతాం. ఒళ్లో ఉంటే లేసేటప్పుడన్నా గుర్తొస్తాది.”

నీళ్లు తాగాలన్నా కదలకుండా గంటల తరబడి అలాగే కూర్చునేదాన్ని. ఆమె తెర వైపు, నేను ఆమె వీపు వైపు చూస్తూ ఉండేవాళ్లం. చిన్నపిల్లను అప్పగించి పనికి వెళ్లిన తల్లిలా మధ్యమధ్య వెనక్కి తిరిగి నా ఒడి చూసేది.

నాకు పెళ్లయి కుప్పం వచ్చేశాను. పిల్లలు పుట్టారు. మేడమ్‌కు జబ్బు చేసిందని తెలిసి వెళ్లినప్పుడు ఆమె గొంతు సగం పోయి ఉంది. డిస్కుకు వేసిన తాళం మాటను నా చెవిలో చెప్పింది. ఆ మాట టైపు చేస్తేనే డిస్కు తెరుచుకుంటుంది. “యాడా రాయొద్దు. అడిగినోళ్లకి ఇయ్యి,” అంది. ఆమె పోయాక వాళ్ల తమ్ముడు పెట్టెను కుప్పం తెచ్చి ఇచ్చాడు.

అడిగింది జరీనమ్మ. పుంగనూరులోనే ఉంటుంది. ఆమె కూతురు సాబిరా పెళ్లి వీడియో మా గదిలోనే కూర్చాం. సాబిరా జబ్బు చేసి చనిపోయింది. అత్తగారింట్లో ఉన్న వీడియో వాళ్లు ఊరు మారడంలో ఎక్కడో పోయింది.

“ఫోటోలుండాయి తల్లీ,” అంది జరీనమ్మ ఫోన్లో. “మాట్లాడేది లేదు. గోరింటాకు పెట్టేటప్పుడు నన్ను ఏందో అనింది, అందరూ నవ్వినారు. ఏమనిందో నాకు గుర్తు రాలేదు. అది వినాల.”

పంపిస్తానని చెప్పాను. అంతలోనే వానలకు పెట్టెలోని మదర్‌బోర్డు చచ్చిపోయింది. డిస్కు బాగానే ఉంది, కానీ దాని తాళం తీయాలంటే ఆ కంపెనీ సిస్టమే ఉండాలి. మదనపల్లె నుంచి కొత్త భాగాలు తెప్పించి బిగించాను. మేడమ్ చేతులు గుర్తు చేసుకుంటూ ఫైల్ రాశాను. గీత సగంలో ఆగేది. ఒకటి మార్చేదాన్ని, మళ్లీ ఆగేది. జరీనమ్మ ఫోన్ వచ్చినప్పుడల్లా ఇంకొంచెం టైం పడుతుందనేదాన్ని. చివరికి ఒకరోజు అడిగేశాను.

“బెంగుళూరులో తెరిచిచ్చే దుకాణాలుండాయి జరీనమ్మా. వెంటనే అయిపోతాది. కానీ ఆడ మొగోళ్లుంటారు, చూస్తారు.”

“సాబిరా ఒప్పుకోదు తల్లీ,” అంది.

మళ్లీ పెట్టె ముందు కూర్చున్నాను. సిస్టమ్ ఎక్కించే ప్రతిసారీ డిస్కును ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఒక సాయంత్రం గీత ఆగకుండా చివరిదాకా వెళ్లింది. తెర వెలిగింది. ఆ సంతోషంలో డిస్కును తగిలించాను. తాళం మాట టైపు చేస్తుండగానే తెర బిగుసుకుపోయింది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే సగం గీతే. ఏడుపొచ్చింది. మొదటినుంచి మొదలుపెట్టాను. కొత్త డిస్కును చెరిపి సిస్టమ్ ఎక్కించాలి. తెర మీద రెండు డిస్కులు కనిపించాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. రెండు ఎందుకున్నాయని నాకు అనుమానమే రాలేదు. పైదాన్ని నొక్కాను.

గ్యాస్ స్టవ్ కట్టేశానా అని పడుకోబోయే ముందు రెండుసార్లు లేచి చూస్తాను. స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే రోడ్డు మీదికి పరుగెత్తుతాను. ఇన్ని భయాలు పెట్టుకుని బతికేదాన్ని, ఒడి ఖాళీగా ఉందని గమనించలేదు.

ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను. చెరిపేసిన డిస్కును కొన్నిసార్లు తిరిగి తీయవచ్చట. తాళం వేసిన డిస్కును చెరిపితే తాళంచెవి కూడా అందులోనే చెరిగిపోతుందట, తాళం మాట తెలిసినా ఇక తెరుచుకోదట. ఎంత పెద్ద దుకాణం వాళ్లయినా ఏమీ చేయలేరు. ఎవరి కంటా పడకూడదని మేడమ్ వేసిన తాళం, తల్లికి కూడా తెరుచుకోకుండా చేసింది. జరీనమ్మ కూతురొక్కతే కాదు, ఆ గదిలో నవ్విన ఆడవాళ్లందరూ పోయారు. వాళ్లలో ఎంతమంది బతికున్నారో, ఎవరెప్పుడు వచ్చి అడుగుతారో నాకు తెలియదు.

మేడమ్ నాకు చాలా నేర్పింది. చూసింది కడుపులో పెట్టుకోవడం, ఒకసారికి ఒకటే మార్చడం, తెలియనిదాన్ని సిగ్గుపడకుండా అడిగి చేసుకోవడం ఆమె దగ్గరే వచ్చాయి. కానీ ఆమె ఏ ఇంటిదీ ఏనాడూ పోగొట్టలేదు. పోగొట్టినదాన్ని ఏం చేయాలో చూపించే అవసరం ఆమెకు రాలేదు. ఎన్ని రాత్రులు తలచుకున్నా ఆ విషయంలో ఆమె నోట ఒక్క మాట కూడా నాకు దొరకలేదు. అడగడానికి ఆమె లేదు.

మరుసటి పొద్దున స్కూలు యూనిఫాం వేసుకోబోతున్న పాపను ఆపాను.

“ఈ పొద్దు స్కూలు లేదు. పుంగనూరుకు పోతాండాం.”

“యాల?” అన్నాడు చిన్నోడు.

“ఆడ ఒకమ్మ ఉండాది. ఆమె బిడ్డ వీడియో నాకాడ ఉండె. నేను చెరిపేసినాను. ఆ మాట ఆమెకు చెప్పాల.”

“సారీ చెప్తే మళ్లా వస్తాదా?” అంది పాప.

“రాదు.”

“ఫోన్లో చెప్పొచ్చు గదమ్మా. అంత దూరం యాల?” అన్నాడు చిన్నోడు.

“ఫోన్లో అయితే కంప్యూటర్ చెడిపోయిందని చెప్పేస్తాను నాయనా,” అన్నాను. “ఆమె ముందర కూర్చుంటే అది నోటికి రాదు. మీరిద్దరూ పక్కనుంటే అసలు రాదు. లేయండి, తల దువ్వుతా.”