జడ్జి వేషం వేసిన తనిఖీ అధికారి

మా ఫిల్మ్ నగర్‌లో ఒక ఆచారం ఉంది. ప్రభుత్వం తరఫున ఎవరు ఏ పని మీద వచ్చినా ముందు శాలువా కప్పుతాం. నల్లా కనెక్షన్ చూడడానికి వచ్చినవాళ్లకు కూడా. హోదా కాస్త పెద్దదైతే క్లాప్ బోర్డు చేతికిచ్చి కొట్టమంటాం. ఇంకా పెద్దదైతే వేషమిస్తాం. ఇదంతా తెలిసి కూడా, కృత్రిమ మేధ మీద నిఘాకు రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీని నమ్ముకున్నాను చూడండి, అందుకు నన్ను నేనే అనుకోవాలి.

నేను డబ్బింగ్ చెబుతాను, హీరోల తల్లులకు. పాతికేళ్లుగా తెర మీద “నా బిడ్డ ఏ తప్పూ చేయలేదు బాబూ” అని ఏడ్చిన తల్లుల్లో సగం మందికి గొంతు నాదే. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ఆమధ్య ఒక ప్రొడక్షన్ మేనేజరు కొత్త మైకు పరీక్షించాలని పిలిచి రెండు రోజులు నన్ను నవ్వించాడు, ఏడిపించాడు, దగ్గించాడు. పిచ్చిదాన్ని, మిరియాల పాలు తాగి గొంతు సవరించుకుని మరీ ఏడ్చాను. ఆ తర్వాత పిలుపులు ఆగిపోయాయి. వాళ్ల కొత్త సినిమా టీజర్లో మాత్రం తల్లి నా గొంతుతోనే ఏడుస్తోంది. వెళ్లి నిలదీశాను.

“అది మీరు కాదమ్మా, మెషీను. మీలాగే ఉందంటే మా అదృష్టం అండీ” అన్నాడు మేనేజరు.

ఒళ్లు మండిపోయింది. నన్ను అడగకుండా నా గొంతు వాడకూడదనీ, ఆ తల్లికి నాచేతే చెప్పించాలనీ కమిటీకి దరఖాస్తు పెట్టాను. ఫారం మీద నా ఫొటోలు మూడు అంటించమన్నారు. పోయింది గొంతయితే ఫొటోలెందుకు బాబూ అంటే, ఫారం వేరే శాఖదనీ, తమది ఇంకా అచ్చు కాలేదనీ చెప్పారు.

నెల తర్వాత కమిటీ అధికారి స్టూడియోకి తనిఖీకి వచ్చాడు, నన్నూ రమ్మన్నారు. మంచి మనిషే. కారు దిగుతూనే “ఫికర్ చెయ్యకుండ్రమ్మా. గా మిషన్ సంగతి నేను జూస్త” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే శాలువా వచ్చింది. వెనకే డైరెక్టరు వచ్చి ఆయన్ను ఎగాదిగా చూసి, “సార్, ఈ సినిమాలో జడ్జి వేషం మీకు అతికినట్టు సరిపోతుందండీ. కోర్టు సీను రేపే, ఒక్క డైలాగే” అన్నాడు.

“గట్లెట్లయితది? నేను తనిఖీకొచ్చిన గద” అంటూనే ఆయన అద్దం కోసం చుట్టూ చూశాడు.

కంచే చేను మేసిందని నేననను. కంచెకు మేకప్ వేశారు, అంతే.

డైలాగు ఇది: సాక్ష్యాలన్నీ క్షుణ్ణంగా పరిశీలించి ఈ కోర్టు ఈ తల్లికి న్యాయం చేస్తోంది. పాపం, ‘పరిశీలించి’ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాడు. లంచ్ బ్రేక్ దాటిపోయింది. చివరికి మేనేజరు, “మీరు పెదాలు కదపండి సార్, మిగతాది మేం చూసుకుంటాం” అన్నాడు.

వారం తర్వాత ఆ ముక్కను డబ్బింగ్ థియేటర్లో ఆయనకు వేసి చూపించారు. ఆ రోజే నా సంగతి తేలుస్తానన్నాడు గనక నేనూ వెళ్లాను. గొంతు ఆయనదే, కానీ ఎక్కడా తడబాటు లేదు. గంట మోగినట్టుంది.

“గిది నేనేనా?” అని మళ్లీ వేయించుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి భార్యకు వినిపించాడు. తన గొంతు వాడుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టాడు.

“మరి నా దరఖాస్తు సార్?” అన్నాను.

“మీకెందుకమ్మా రంది? మీరు ఇంట్ల కూసున్నా మీ గొంతు పనిచేస్తది. ఖుషీ కావాలె గద!”

“అది పనిచేస్తుంది సార్. నాకు పనుండదు.”

ఆయన నవ్వు ఆగింది. ఒక్క క్షణం నిజంగానే విన్నాడనిపించింది. ఆ క్షణంలోనే మేనేజరు, పోస్టరు మీద పేరెలా వేయమంటారని అడిగాడు. ఇంటిపేరుతో సహా వేయమన్నాడు. నా ఫైలు మీద మాత్రం ‘ఉల్లంఘన ఏదీ కనపడలేదు’ అని రాసి వెళ్లిపోయాడు. ఆ రోజు ఏడ్చినంతగా నా జీవితంలో ఏ సినిమాకూ ఏడవలేదు.

సినిమా విడుదలయ్యాక ఉండబట్టలేక వెళ్లి చూశాను. జడ్జిగారు అక్కడికక్కడే న్యాయం చేశారు. హాలంతా చప్పట్లు. తల్లి చేతులు జోడించి నా గొంతుతో భోరుమంది. పక్క సీట్లో అమ్మాయి చున్నీతో కళ్లు ఒత్తుకుంటోంది. ఎవరో ఒకరికైనా చెప్పాలనిపించింది.

“ఆ గొంతు నాదమ్మా” అన్నాను.

ఆ అమ్మాయి తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, “జర సప్పుడు చెయ్యకుండ్రి ఆంటీ. ఆమె మాట ఇననియ్యుండ్రి” అంది.