చువ్వల మీద బొండాలు

మీ గుమ్మం ముందు నడుం లోతు గొయ్యి తవ్వి, తవ్వినవాడు కంటికి కనబడకుండా పోతే, మీ కోపం ఎవరి మీదికి వెళుతుంది? తొందరపడి జవాబు చెప్పకండి. కాంట్రాక్టరు మీదికని అంటారు, ఇంజనీరు మీదికని అంటారు. మా సెంటరులో మేమూ అలాగే అనేవాళ్ళం. అది నిజంగా ఎవరి మీదికి వెళ్ళిందో చూసిన దగ్గర నుంచి నాకు ఆ రోడ్డు మీద నడవాలంటే భయంగా ఉంది. గొయ్యిని చూసి కాదు, మనుషులను చూసి.

మాది అంబాజీపేట వెళ్ళే దారిలో ఒక చిన్న సెంటరు. రోడ్డు వెడల్పు చేస్తామని, రెండు పక్కలా సిమెంటు డ్రెయిన్లు కడతామని మిషన్లు వచ్చాయి. కొట్ల ముందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తవ్వారు. గోడలు పొయ్యడానికి ఇనప చువ్వలు నిలబెట్టి కట్టారు. అంతే, అక్కడితో పని ఆగింది. బిల్లులు రాలేదని ఒకరు, ఇసుక దొరకలేదని ఒకరు చెప్పారు. మిషన్లు వెళ్ళిపోయాయి. మా నేలలో కాస్త తవ్వితే చాలు నీరు ఊరుతుంది. దానికి వానలు తోడై గొయ్యిలో నాచు పట్టిన నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళ మీదికి జానెడు ఎత్తున చువ్వల కొనలు వరసగా కనబడేవి.

కొబ్బరికాయల లారీలు వేరే దారి పట్టాయి. బస్సు సెంటరులో ఆగడం మానేసి, రోడ్డు బాగున్న చోట దాకా పోయి ఆగేది. బట్టల కొట్టాయన తాళం వేసుకుని అమలాపురంలో ఎవరి దగ్గరో పనికి కుదిరాడు. మిగిలినవాళ్ళు గొయ్యి మీద కొబ్బరి దుంగలు అడ్డంగా వేసుకుని కొట్లు నడుపుకున్నారు. ఇక్కడ పుట్టినవాళ్ళకు దుంగ మీద నడవడం ఎవరూ నేర్పక్కర్లేదు. తోటల్లో నీటి బోదెలన్నీ, ఆ చిన్న కాలవలన్నీ, అలాగే దాటతాం. మేం చేసిన తప్పు అదే. అలవాటైన దుంగ కనబడింది కాబట్టి, దాని కింద ఉన్నది కూడా అలవాటైన బోదే అనుకున్నాం. బోదెలో పడితే బట్టలు తడుస్తాయి. ఇక్కడ పడితే చువ్వలున్నాయి.

మా అక్కయ్యది పిండి మిల్లు. మిల్లంటే పెద్దదేమీ కాదు, రేకుల షెడ్డులో ఒక మిషను. బియ్యం, కారం, పసుపు ఆడుతుంది. బావగారు పోయాక దాని మీదే బతుకుతోంది. మిగతా కొట్లకు ఖాళీ చేతులతో వెళ్ళవచ్చు. మిల్లుకు మాత్రం బరువు మోసుకుని వెళ్ళాలి. ఆడవాళ్ళు బియ్యం డబ్బా చంకన పెట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ దుంగ మీద నడుస్తుంటే, నేను ఇవతల నిలబడి ఊపిరి బిగబట్టేవాణ్ణి. నాకు దెయ్యమంటే భయం లేదు, గ్రహాలంటే భయం లేదు. కుర్రతనంలో చర్చావేదికల మీద ఆ రెంటినీ చీల్చి చెండాడినవాణ్ణి. ఆ చువ్వలంటే మాత్రం భయం. కళ్ళు మూసుకుంటే అవే కనబడేవి.

ఆగిన పని పూర్తి చేయమని అర్జీ రాసి కొట్టు కొట్టుకూ తిరిగాను. పత్రికల్లో ఏదో రాస్తుంటాను కాబట్టి ఊళ్ళో నన్ను మాస్టారూ అంటారు. గౌరవంగా కూర్చోబెట్టారు, మంచినీళ్ళు ఇచ్చారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. కారణం గోడల మీదే ఉంది. పని మొదలుపెట్టేటప్పుడు కొలిచినవాళ్ళు ప్రతి కొట్టుకూ ఎర్ర రంగుతో గీత గీసి వెళ్ళారు. మా రేకులూ మెట్లూ అన్నీ కొంచెమో గొప్పో ఆ గీత దాటి రోడ్డు స్థలంలో ఉన్నవే.

మిల్లు పక్కన ఇడ్లీ హోటలు నడిపే ఆయన నవ్వుతూనే చెప్పాడు.

"సంతకానిదేవుందండి మాస్టారూ, ఇప్పుడే పెట్టేస్తాను. పొద్దున్నే టేపట్టుకుని దిగిపోతారు. గొయ్యి పూడుస్తారో లేదో గానీ, నా పొయ్యి మాత్రం పీకేస్తారండి."

"మరి ఎన్నాళ్ళిలా?"

"అలవాటైపోయిందండి. నిన్నొకాయన అవతల గట్టునే బండాపి, నాలుగిడ్లీ అన్నాడు. ఇటు రండి అన్నాను. విసరండి, పట్టుకుంటాను అన్నాడండి."

ఇద్దరం నవ్వుకున్నాం. అక్కయ్య కూడా సంతకం పెట్టలేదు. మిల్లు గుమ్మం సగం గీతకు అవతలే ఉంది. "ఒరేయ్, నన్ను ఇందులోకి లాగకు" అంది.

పై వాళ్ళను కదిలించలేనప్పుడు చేతనైన పని చేద్దామనుకున్నాను. సెంటరు మొదట్లో కొబ్బరి బొండాల బండి ఉంది. నీళ్ళు తాగేసి పారేసిన బొండాలు దాని పక్కన గుట్టగా పడి ఉంటాయి. వాటి మూతి ఎలాగూ కోసే ఉంటుంది. ఒక్కో చువ్వ కొనకు ఒక్కో బొండాం బోర్లించి గట్టిగా నొక్కితే, మీద పడిన మనిషికి దెబ్బ తగులుతుంది గానీ చువ్వ దిగదు. ఒక పొద్దున్నే వాటిని గోనెసంచిలో వేసుకుని వెళ్ళాను. గట్టు మీద నుంచి నాకు అందలేదు. నా అవస్థ చూసి కాపలావాడి భార్య వచ్చింది.

ఆ మొగుడూ పెళ్ళాలది ఒరిస్సా వైపు. మిగిలిన ఇనుముకూ సిమెంటుకూ కాపలా ఉండమని పనివాళ్ళు ఒక నీలం టార్పాలిను పట్టా కింద వాళ్ళను వదిలి వెళ్ళారు. తర్వాత మరిచిపోయినట్టున్నారు. మొగుడు పగలు ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల్లో కూలికి పోయేవాడు. ఆమె ఏమీ అడక్కుండానే చీర ఎగదోపుకుని గొయ్యిలోకి దిగింది. నేను అందిస్తుంటే మిల్లు ముందరి చువ్వలకూ హోటలు ముందరి చువ్వలకూ బొండాలు తొడిగింది. "ఇంక ఎవరు పడినా ఏం కాదు బాబూ" అంది పైకి వచ్చాక. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం మిల్లుకు వెళ్ళేసరికి, దుంగకు దగ్గరగా ఉన్న బొండానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"ఇదేవిటక్కయ్యా?"

"కొట్టు ముందు కాయ బోసిగా ఉంటే బాగుంటుందేవిట్రా? మిషనుకి పెట్టిన చేత్తోనే దానికీ పెట్టేను."

"అది కాయ కాదు, టోపీ."

"పోనీ టోపీకే పెట్టేననుకో. నీ సొమ్మేం పోయింది?"

నిజమే అనిపించి నవ్వి ఊరుకున్నాను. శుక్రవారం మిషనుకు బొట్టు పెట్టని మిల్లు మా వైపు ఉండదు.

మర్నాడు పొద్దున్న హోటలాయన భార్య రవ్వ ఆడించుకోవడానికి ఇంటి దగ్గర నుంచి డబ్బా తీసుకొచ్చి మిల్లు ముందరి దుంగ ఎక్కింది. సగం దూరం వచ్చాక కిందికి చూసింది. నీళ్ళలో నుంచి పసుపూ కుంకుమా పెట్టిన బొండాం పైకి చూస్తోంది. ఉలిక్కిపడి వెనక్కి అడుగు వేసింది. డబ్బా ఒక వైపు, ఆమె ఒక వైపు. నేను అక్కయ్య అరుగు మీద ఉన్నాను. ఆమె పక్కటెముకలు ఆ బొండానికి కొట్టుకుని పక్కకు జారడం నా కళ్ళతో చూశాను. పైకి లాగాక ఆమెకు నొప్పి ఉంది, నెత్తురు లేదు. కింద చువ్వ బొండాంలోనే ఉండిపోయింది. అన్యాయంగా చనిపోవలసిన ఒక మనిషి చనిపోలేదు. నేను గట్టు మీద గొంతుక్కూర్చుని ఆ బొండాన్నే చూశాను. వెధవ బొండాం ఒక ప్రాణం నిలబెట్టిందని అందరికీ చెప్పాలనుకున్నాను.

నేను లేచేలోపు చేతబడి అన్న మాట గట్టు దాటేసింది. మొదట ఎవరన్నారో నాకు తెలియదు. బొట్టు పెట్టిన కాయ చూసిందట, అదే ఆమెను లోపలికి లాగిందట. అందుకేనట పని ఆగిపోయింది, బేరాలు పోయాయి, బస్సు ఆగడం మానేసింది. ఇన్నాళ్ళూ నోట్లోనే నమిలి మింగిన కోపానికి ఒక్క క్షణంలో దారి దొరికింది. కాపలావాడి భార్య చువ్వలకు బొండాలు తొడగడం ఎవరో చూశారు. నన్ను కూడా చూసే ఉంటారు. కానీ వాళ్ళకు గుర్తొచ్చింది నేను కాదు. నీలం పట్టా కింద నుంచి ఆమెను జుట్టు పట్టుకుని లాక్కొచ్చారు. మొగుడు పనికి పోయాడు.

నేను దుంగ దాటి అడ్డం వెళ్ళాను. "అవి పెట్టించింది నేను. చువ్వలు దిగకుండా పెట్టించాను. ఆవిడ నాకు సాయం చేసింది, అంతే" అని అరిచాను. బొట్టు ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు, చెబితే అక్కయ్య మీదికి వెళతారు.

"మీరు ఊరుకోండి మాస్టారూ" అన్నాడు ఒకతను, ఎంతో మర్యాదగా. "గుళ్ళో కాయే కొట్టని మనిషి, మీరు రోడ్డు మీద బొట్టెట్టి పెడతారాండీ?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతోంది. జీవితమంతా నేర్చుకున్న వాదన ఒక్కటీ అక్కడ పనికొచ్చేది కాదు. ఎర్ర గీత గీసినవాడి ముందు తల ఎత్తలేనివాళ్ళకు, తమ ముందు తల ఎత్తలేని మనిషి ఒకతె దొరికింది. వాళ్ళ చేతుల్లో ఉన్నది కొత్త ధైర్యం. దాన్ని వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు?

వెనక నుంచి ఎవరో "పటకారు తెండ్రా" అన్నారు. చేతబడి చేసే మనిషికి పళ్ళు ఊడబీకితే మంత్రం పలకదని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మాట వినగానే ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను కాదు బాబూ, నేను బొట్టు పెట్టలేదు" అంటోంది ఆ చేతుల్లో నుంచే.

అప్పుడు అక్కయ్య దుంగ మీద నడిచి ఇవతలికి వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె. దాని మూత తీసి అందరికీ చూపించింది.

"దాన్ని వదలండి. బొట్టు పెట్టింది నేను."

అంతా ఆగారు. హోటలాయన తెల్లబోయి చూశాడు.

"మరి ముందే చెప్పొచ్చు కదండీ అక్కయ్యగారూ?"

"నువ్వడిగేవా? ఎవర్నైనా అడిగేరా? మిషనుకి పెట్టేను, గడపకి పెట్టేను, దానికీ పెట్టేను. నా పళ్ళు పీకుతారా? పీకండి."

హోటలు బల్ల మీద పడుకున్న ఆయన భార్య తల ఎత్తి, "నాకు మెత్తగానే తగిలిందండి, కింద చువ్వుంది" అంది. "నువ్వూరుకోవే" అన్నాడు ఆయన. కానీ చేతులు వదిలాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. గొయ్యిలోకి దిగి బొండాలన్నీ పీకి కాలవలో పారేసి, ఎవరి కొట్లకు వాళ్ళు వెళ్ళిపోయారు. చువ్వలు మళ్ళీ బోడిగా నిలబడ్డాయి. సాయంత్రం మొగుడు వచ్చాక ఆ ఇద్దరూ మూట కట్టుకుని బస్సు ఆగే చోటికి నడిచి వెళ్ళారు. నేను కొంతదూరం వెంట వెళ్ళాను. ఆమె నా వైపు చూడలేదు.

మర్నాడు అదే మనుషులు నాకు ఎదురుపడి, "ఆయ్, కాఫీలయ్యేయాండి?" అని పలకరించారు. ఆ పలకరింపులో వెటకారం లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఇప్పుడు గుసగుస దిశ మార్చుకుంది. బొట్టు పెట్టింది ఆ మిల్లావిడేనట కదా, ఒంటరిగా ఉంటుంది కదా, మొగుడు పోయింది ఎలాగో అని మొదలుపెట్టారు. ఆయన పోయింది ఆస్పత్రిలో, మధుమేహంతో. ఊరంతా చూడడానికి వచ్చింది కూడా. అయినా బియ్యం డబ్బాలు పక్క ఊరి మిల్లుకు పోతున్నాయి. అక్కయ్య పొద్దున్నే తలుపులు తీసి, మిల్లు తెరిచే ఉందని తెలియడానికి మిషను ఉత్తినే కాసేపు తిప్పుతుంది. గింజ లేకుండా తిప్పితే రాళ్ళు పాడవుతాయని నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోం.

నిన్న సాయంత్రం బండి మీద పోతున్న ఇద్దరు అవతలి గట్టున ఆగి, "అక్కయ్యగారూ, పటకారేవైనా కావాలాండీ?" అని నవ్వుకుంటూ వెళ్ళారు. అక్కయ్య వినబడనట్టు పిండి దులుపుతోంది. దులపడానికి అక్కడ పిండి లేదు.

వాళ్ళు వేళాకోళానికే అన్నారని మీరు నాకు చెప్పవద్దు. ఆ రోజు నవ్వు ఎంత తొందరగా పటకారు దాకా వెళ్ళిందో నేను పక్కనే నిలబడి చూశాను. గొయ్యి అలాగే ఉంది. బేరాలు ఇంకా తగ్గుతాయి. కోపం ఇంకా పెరుగుతుంది. ఈసారి కాపలావాడి భార్య లేదు. మిల్లులో మా అక్కయ్య ఉంది.

నిన్న రాత్రి అక్కయ్య అర్జీ ఏదిరా అని అడిగి, మొదటి సంతకం తనే చేసింది. ఎర్ర గీతకు అవతల ఉన్న గుమ్మంలో కూర్చునే చేసింది.

మీరు మా సెంటరు వాళ్ళయితే రేపు పొద్దున్న బియ్యం తీసుకుని ఆమె మిల్లుకు రండి. దుంగ మీద చెయ్యి పట్టుకుని నేను దాటిస్తాను. పిండి ఆడించుకుని, అందరూ చూస్తుండగా ఆమెతో మాట్లాడి, ఆమె సంతకం కింద మీ సంతకం పెట్టండి. మీరు వేరే ఊరివాళ్ళయితే మీ వీధిలో గొయ్యి తవ్వినవాడెవడో కనుక్కుని, వాణ్ణే నిలదీయండి. ఈలోగా మీ కళ్ళ ముందు ఎవరి జుట్టు మీదైనా చెయ్యి పడితే, ఆ చెయ్యి పట్టుకుని ఆపండి.